మెకన్నాస్ గోల్డ్: తిట్టండి, కానీ సరైన తప్పుకి తిట్టండి

'మెకన్నాస్ గోల్డ్' గురించి మనవాళ్ళలో ఎవరిని కదిపినా మూడంటే మూడే అభిప్రాయాలు వినిపిస్తాయి.

అరవై దాటిన పెద్దాయనైతే "అబ్బ, ఏం సినిమా అండీ! ఇప్పుడు తియ్యమనండి చూద్దాం" అంటారు. పాతికేళ్ళ కుర్రాడైతే లాప్‌టాప్‌లో పావుగంట చూసి "గ్రాఫిక్స్ కామెడీగా ఉన్నాయి బాస్" అని ఆపేస్తాడు. ఈ ఇద్దరి మధ్యా ఇంకొకాయన ఉంటాడు. నాలుగు ఇంగ్లీషు సినిమాలు ఎక్కువ చూసినవాడు, అందులో సగం సబ్‌టైటిల్సుతో చూసినవాడు. ఆయన చిన్నగా నవ్వి "అది అమెరికాలో ఫ్లాప్ కదండీ. మన జనానికి తెలీక ఎగబడ్డారు" అని తీర్పు చెప్పేస్తాడు.

ఈ మూడిట్లో ఒక్కటి కూడా సినిమా గురించిన అభిప్రాయం కాదని నా వాదన. మొదటిది హాలు గురించి. రెండోది కంప్యూటర్ల గురించి. మూడోది అమెరికా గురించి. ముగ్గురూ మాట్లాడకుండా వదిలేసిన విషయం ఇంకోటుంది, దాని దగ్గరికి తర్వాత వస్తా. ముందు ఈ మూడో ఆయన సంగతి తేల్చాలి, ఎందుకంటే నాకు ఎక్కువ చిరాకు తెప్పించేది ఆయనే.

అమెరికాలో ఆడలేదు, నిజమే. 1969లో విడుదలైతే అక్కడి విమర్శకులు ఎక్కువమంది ఉతికి ఆరేశారు. కానీ ఆ ఏడాది అక్కడ ఇంకేం వచ్చాయో ఒకసారి చూడండి. 'ది వైల్డ్ బంచ్', 'బుచ్ కాసిడీ అండ్ ది సన్‌డాన్స్ కిడ్', 'ట్రూ గ్రిట్', అన్నీ 1969వే. అంతకు రెండేళ్ళ ముందు, 1967లో, సెర్జియో లియోనె ఇటాలియన్ కౌబాయ్ సినిమాలు అమెరికా హాళ్ళలోకి దిగి అక్కడి జనం రుచినే మార్చేశాయి. అలాంటి మార్కెట్లోకి పాతకాలపు భారీ తారాగణంతో, పాతకాలపు కథనంతో ఒక సినిమా దిగింది. పైగా మొదట చాలా పెద్దగా అనుకుని, చివరికి రెండు గంటల పైచిలుకుకి కుదించి వదిలారు. ఆలస్యంగా రిలీజైన ప్రోడక్టు, అదీ సగం ఫీచర్లు పీకేసి రిలీజైన ప్రోడక్టు ఒక మార్కెట్లో చీదేసిందంటే, ఇంకో మార్కెట్లో దాన్ని ఇష్టపడి కొనుక్కున్నవాళ్ళు తెలివితక్కువవాళ్ళయిపోతారా? ఈ లాజిక్కు మన ఆఫీసులో ఎవరైనా ప్రెజెంటేషన్లో పెడితే మీరు ఊరుకుంటారా?

ఇంతకీ ఇది ఎగబడి చూసినవాళ్ళం మనం ఒక్కళ్ళమే కాదు. సోవియట్ యూనియన్‌లో 1970ల్లో ఇది ఆడిన ఆట మామూలు ఆట కాదు. కోట్ల మంది చూశారు. సినిమా మొదట్లో రాబందు ఎగురుతుంటే వచ్చే పాట ఉంది చూశారూ, క్విన్సీ జోన్స్ సంగీతంలో హోసే ఫెలీసియానో పాడింది, దాన్ని అక్కడివాళ్ళు రష్యన్‌లో వాలెరీ ఒబొద్జిన్‌స్కీ చేత పాడించుకున్నారు. మన దగ్గరా ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ విడుదలైంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు పెద్ద దేశాల జనం ఒకే సినిమాని నెత్తిన పెట్టుకుంటే, "ఎందుకు?" అని అడగాలి గానీ "పాపం, తెలీక" అనేస్తే ఎలాగండీ?

అడిగితే జవాబు దొరుకుతుంది. లంకెబిందెల కథ వినకుండా పెరిగిన తెలుగువాడు ఎవడైనా ఉన్నాడా? పాత గుడి, కొండ గుహ, కోట బురుజు, దాని కింద నిధి, దానికో కాపలా పాము, తవ్వినవాడు రక్తం కక్కుకు చావడం. ఈ కథలు మనకి ఉగ్గుపాలతో వచ్చాయి. కథలే అయితే ఫర్వాలేదు. గుప్తనిధుల కోసం పాడుబడ్డ గుళ్ళల్లో తవ్వుతూ పట్టుబడ్డ ముఠాల వార్తలు ఈ రోజుకీ జిల్లా పేజీల్లో కనిపిస్తాయి. కాబట్టి ఒక లోయ, అందులో బంగారం, దాన్ని కాపాడే ఆత్మలు, ఆశపడ్డవాడల్లా చావడం అనేది మన ప్రేక్షకుడికి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. ఇంగ్లీషు డైలాగు ఒక్క ముక్క అర్థం కాకపోయినా కథ మొత్తం అర్థమైంది. అది అజ్ఞానం కాదు. ఆ కథ వాళ్ళకి అమెరికా వాడికన్నా బాగా తెలుసు.

ఇక గ్రాఫిక్స్ కుర్రాడి దగ్గరికి వద్దాం.

ఆయన చెప్పే తప్పులన్నీ ఉన్నాయి. కొన్ని గుర్రపు స్వారీ సీన్లలో వెనక తెర మీద బొమ్మ ఆడుతున్నట్టు తెలిసిపోతుంది. చివర్లో లోయ కూలిపోతుంటే అది బల్ల మీద కట్టిన బొమ్మ లోయ అని చిన్నపిల్లాడు కూడా చెప్పగలడు. సూర్యోదయం వేళ రాతి స్తంభం నీడ సాగి సాగి వెళ్ళి దారి చూపిస్తుంది గదా, సూర్యుడు పైకొస్తుంటే నీడ తగ్గాలి గానీ పెరగడమేంటని ఏడో క్లాసు సైన్సు చదివిన ఎవరైనా అడుగుతారు. సరే, ఒప్పుకున్నాం. తర్వాత?

తర్వాత ఏమీ లేదు. అక్కడితో ఆయన రివ్యూ అయిపోతుంది. యూఐ బాగాలేదని చెప్పి లోపల కోడు చూడకుండా వెళ్ళిపోయే రకం.

లోపల కోడు చూద్దాం. మార్షల్ మెకన్నా, అంటే గ్రెగరీ పెక్, చేతికి చనిపోబోతున్న ఒక ముసలి అపాచీ నాయకుడి దగ్గర్నుంచి మ్యాపు వస్తుంది. అదంతా ఒట్టి కట్టుకథ అని నమ్మే మెకన్నా దాన్ని ఒక్కసారి చూసి మంటల్లో పడేస్తాడు. సరిగ్గా అప్పుడే దొంగల నాయకుడు కొలరాడో, అంటే ఒమర్ షరీఫ్, ముఠాతో దిగుతాడు. అప్పట్నుంచి మ్యాపు ఉన్న ఒకే ఒక్క చోటు మెకన్నా బుర్ర. బ్యాకప్ లేదు. డాక్యుమెంటేషన్ లేదు. వాణ్ణి చంపితే బంగారం పోతుంది, వదిలేసినా పోతుంది. నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ ఇవ్వనంతవరకు మెకన్నా ఉద్యోగానికి, సారీ, ప్రాణానికి ఢోకా లేదు. సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ మీద రెండు గంటలు నడిచే సినిమా ఇది! మన ఫీల్డులో ఉన్నవాడు నీడ పొడవు చూసి నవ్వుకుని ఈ సంగతి గమనించలేదంటే నాకు నిజంగా జాలేస్తుంది.

అది మొదటి విషయం. రెండో విషయం ఆ ఊరి పెద్దమనుషులు. బంగారం కబురు పొక్కగానే ఊళ్ళోంచి మర్యాదస్తులంతా గుర్రాలెక్కి వచ్చేస్తారు. ఒక పత్రికా సంపాదకుడు, ఒక మత బోధకుడు, ఒక కొట్టు యజమాని, ఇద్దరు ఇంగ్లీషువాళ్ళు. వీళ్ళతోపాటు కళ్ళు పోయిన ముసలి ఆడమ్స్, ఎడ్వర్డ్ జి. రాబిన్‌సన్, తన కళ్ళతో చూసిన బంగారం గురించి చెప్తుంటాడు. ఇంతమంది పెద్ద నటుల్ని తెచ్చి వరసపెట్టి చంపేశారు, ఒక్కడికీ సరైన పాత్ర లేదు అని చాలామంది అంటారు. ఆ మాటలో న్యాయముంది. కుదింపు దెబ్బ కనిపిస్తూనే ఉంటుంది. కానీ ఈ స్క్రిప్టు రాసింది ఎవరు? కార్ల్ ఫోర్‌మన్. 1952లో 'హై నూన్' రాసిన మనిషి. అందులో మార్షల్ ఒంటరిగా నలుగురు హంతకుల్ని ఎదుర్కోవాల్సి వస్తే ఊరి పెద్దమనుషులు ఒక్కొక్కరే తప్పుకుంటారు, చర్చిలో కూర్చుని చర్చలు పెట్టుకుంటారు. ఆ సినిమా వచ్చేనాటికే ఫోర్‌మన్ కమ్యూనిస్టు ముద్రతో హాలీవుడ్ బ్లాక్‌లిస్టుకెక్కి దేశం వదిలిపోయాడు. పదిహేడేళ్ళ తర్వాత అదే రచయిత, మళ్ళీ ఒక మార్షల్ కథ. న్యాయానికి రమ్మంటే రాని మర్యాదస్తులు బంగారానికి పిలవకుండానే వచ్చారు. రెండు సినిమాలూ పక్కపక్కన పెట్టి చూడండి, 'మెకన్నాస్ గోల్డ్'లోని ఆ పెద్దమనుషుల సీన్లు వేరేగా కనిపిస్తాయి. టెల్లీ సవాలస్ వేసిన సార్జెంటు టిబ్స్ అయితే తన వెంట ఉన్న సైనికుల్నే కాల్చేసి దొంగల్లో కలిసిపోతాడు. చట్టం, మతం, పత్రిక, సైన్యం అన్నీ ఒకే క్యూలో నిలబడ్డాయి. ఇంత చేదు కథ మీద "గ్రాఫిక్స్ కామెడీ" అనే ఒక్క ముక్క చెప్పి లేచిపోతే అది అభిప్రాయం అనిపించుకోదు.

పెద్దాయన ఇక్కడ సంబరపడకూడదు, ఇప్పుడు ఆయన వంతు.

అయ్యా, మీరు చెప్పే "ఏం సినిమా అండీ"లో సినిమా ఎంత? 70 ఎం.ఎం. తెర ఎంత? మొదటిసారి స్నేహితులతో కాలేజీ ఎగ్గొట్టి వెళ్ళడం ఎంత? జూలీ న్యూమార్ నీళ్ళలో ఈదే సీను ఎంత? (ఆ ఒక్క సీను కోసం నాలుగుసార్లు వెళ్ళినవాళ్ళంతా ఇప్పుడు ఫోటోగ్రఫీ గురించి మాట్లాడుతుంటారు, అది వేరే సంగతి.) మీ జ్ఞాపకం మీద నాకే గొడవా లేదు. కానీ మీరు అంత ప్రేమగా, అన్నిసార్లు చూసిన సినిమాలో ఒక మూల పెద్ద మరక ఉంటే, అది ఇన్నేళ్ళలో ఒక్కసారైనా కంటపడలేదా?

ఇదీ ముగ్గురూ వదిలేసిన విషయం. ఆ బంగారం ఎవరిది?

సినిమాలో అపాచీలు ఏం చేస్తారు? కొండల మీద వరసగా నిలబడతారు, అరుస్తారు, తరుముతారు. ముఠాలో ఉన్న ఇద్దరు అపాచీలు హెష్-కె, హచీతా. హెష్-కె వేసింది జూలీ న్యూమార్, హచీతా వేసింది టెడ్ కాసిడీ, ఇద్దరూ ఒంటికి రంగు పులుముకున్న తెల్లవాళ్ళే. హెష్-కెకి మాటలే లేవని చెప్పొచ్చు. అసూయ, కత్తి, నీళ్ళలో పోరాటం, అంతే ఆవిడ పాత్ర. మొదట్లో చనిపోయే ముసలి నాయకుడి వేషం ఇటలీలో పుట్టిన ఎడ్వార్డో చియానెల్లిది. ఆ బంగారాన్ని ముట్టుకోవద్దని చెప్పేవాళ్ళు సినిమాలో అపాచీలు ఒక్కళ్ళే. వాళ్ళ మాటని మాత్రం మూఢనమ్మకంగా, అడ్డంకిగా చూపించారు. హాల్లో మనం ఈలలు వేసింది తవ్వడానికి వెళ్ళేవాళ్ళ వైపు నిలబడి.

ఆ నీడ పడే రాతి స్తంభం నిజంగా ఉంది. ఆరిజోనాలో కాన్యన్ డి షే అనే లోయలో ఉన్న స్పైడర్ రాక్ అది. అది అపాచీలది కాదు, నవాహో ప్రజలది. వాళ్ళకి నేత నేర్పిన సాలెపురుగు అమ్మవారు ఆ స్తంభం మీద ఉంటుందని వాళ్ళ నమ్మకం. 1864లో కిట్ కార్సన్ నడిపించిన అమెరికా సైన్యం ఆ లోయలోకి దూరి పంటలు తగలబెట్టి, ఆ ఏడాదే పీచ్ తోటలు నరికేసింది. నవాహోలని వందల మైళ్ళు నడిపించి న్యూ మెక్సికోలోని బోస్క్ రెడోండోకి తోలారు. వేలమంది వెళ్ళారు, చాలామంది దారిలోనూ అక్కడా పోయారు. 1868 ఒప్పందం తర్వాతే మిగిలినవాళ్ళు సొంత నేలకి రాగలిగారు. ఆ సంఘటన జరిగి నిండా పదేళ్ళు కాని కాలంలో నడిచే కథ మన సినిమాది. అందులో అక్కడి మనుషుల సంగతి ఒక్క ముక్క లేదు, వాళ్ళ రాయి మాత్రం దారి చూపించే సూచికగా పనికొచ్చింది.

1967లో ఈ షూటింగు చూడ్డానికి స్కాలర్‌షిప్ మీద వచ్చిన విద్యార్థుల్లో జార్జి లూకాస్ ఒకడు. ఆయన అక్కడ '6-18-67' అని ఒక చిన్న సినిమా తీశాడు. ఎడారి, మబ్బులు, వెలుతురు, ఎక్కడో దూరంగా చీమల్లా షూటింగు జనం. ఇరవై మూడేళ్ళ కుర్రాడికి ఆ నేల కనిపించింది. యాభై ఏళ్ళుగా చూస్తున్న మన ప్రేక్షకులకి కనిపించకపోతే ఎలా?

"సినిమాని సినిమాగా చూడండి సార్, ఇవన్నీ ఇప్పుడెందుకు?" అనేవాళ్ళుంటారని తెలుసు. నీడ పొడవు కొలిచినప్పుడు సినిమాని సినిమాగానే చూశారా మరి? ఆరో తరగతి భూగోళం పనికొచ్చినప్పుడు చరిత్ర ఎందుకు పనికిరాదు?

ఇంకో మాట. మనవాళ్ళు ఈ తరహా కథని తెలుగులోకి తెచ్చుకున్నప్పుడు ఏం చేశారో చూడండి. 1971లో 'మోసగాళ్ళకు మోసగాడు' వచ్చింది. కృష్ణ హీరో, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకుడు, ఆరుద్ర రచన. టోపీలు, తుపాకులు, గుర్రాలు, ఎడారి అన్నీ హాలీవుడ్ నుంచీ ఇటలీ నుంచీ వచ్చినవే. కానీ నిధి దగ్గరికి వచ్చేసరికి ఆరుద్ర దాన్ని తెల్లదొరల కాలంలో ఒక సంస్థానం సొత్తు చేశారు. అంటే నిధికి ఒక సొంతదారు వచ్చాడు, దొరల పీడన అనే నేపథ్యం వచ్చింది. కౌబాయ్ టోపీ పెట్టుకున్నా కథ మాత్రం మన వైపు నుంచి చెప్పింది. 2023 మే 31న కృష్ణ జయంతికి దాన్ని 4కెలో మళ్ళీ విడుదల చేస్తే అభిమానులు పండగ చేసుకున్నారు. అప్పుడు కూడా టోపీ గురించీ స్టైలు గురించీ మాట్లాడినంతగా ఈ సంగతి ఎవరూ మాట్లాడలేదు. తెల్లవాడు దోచేది మన నిధి అయితే మనకి కోపం వస్తుంది. అదే తెల్లవాడు అపాచీల లోయలోకి వెళ్తే మనం హీరో వైపు. ఇది ఎలా కుదురుతుందో నాకు చెప్పండి.

ఇదేదో అమెరికా గొడవ అని దులిపేసుకోవడానికి కూడా లేదు. కొండ కింద సంపద, కొండ మీద మనుషులు, "తవ్వొద్దు" అనే మాట మన పక్కనా ఉన్నాయి. అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద 'సమత' అనే సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రభుత్వ భూమి అయినా సరే, గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి గనులకి లీజుకివ్వడం చెల్లదని. 2013లో ఒడిశా నియమగిరి కొండల్లో, కోర్టు ఆదేశం మీద, 12 గ్రామసభలు పెట్టి అడిగితే పన్నెండూ బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి. ఆ కొండ మా దేవుడు అన్నారు డోంగ్రియా కోందులు. హచీతా "ఆత్మలు వద్దంటున్నాయి" అంటే మనం హాల్లో నవ్వుకున్న మాట కూడా దాదాపు అదే. ఒక దేశపు అత్యున్నత న్యాయస్థానం ఆ మాటని ఊరివాళ్ళనే అడిగి తేల్చమంది. మనం మాత్రం ఇంకా నీడ పొడవు దగ్గరే ఆగిపోయాం.

కాబట్టి నేను చెప్పొచ్చేదేంటంటే, సినిమాని నిషేధించమనో, పెద్దాయన్ని జ్ఞాపకాలు చెరిపేసుకోమనో కాదు. నాకు ఈ సినిమా ఇష్టం. ఒమర్ షరీఫ్ నవ్వు ఇష్టం. మ్యాపు కాల్చేసే ఆ ఎత్తు ఇష్టం. ఇష్టమైనదాన్ని తిట్టడానికి కూడా చేతనవ్వాలి. నచ్చిందంటే ఏది నచ్చిందో చెప్పండి, హాలు సంగతి పక్కన పెట్టి. నచ్చలేదంటే 1969 నాటి పనిముట్లని కాకుండా 1969 నాటి మనుషులు కావాలని చేసిన పనిని తప్పు పట్టండి. వెనక తెర బొమ్మ చేతకాక జరిగిన తప్పు. అపాచీకి మాట లేకుండా చెయ్యడం చేతనయ్యే చేశారు. అమెరికాలో ఆడిందా లేదా అన్నది అమెరికా లెక్క, అది మనకి తీర్పు కాదు. ఎన్ని చుక్కలొచ్చాయో చూసి చూడాలా వద్దా అని తేల్చుకునే అలవాటు మన వృత్తిలో ఎక్కువ. ఆ చుక్కలు ఇచ్చినవాడు పై ముగ్గురిలో ఎవరో మీకు తెలీదు.

ఈసారి టీవీలో వస్తే చివరి సీను కాస్త జాగ్రత్తగా చూడండి. లోయ కూలిపోయింది, బంగారం మట్టిలో కలిసిపోయింది, మెకన్నా, ఇంగా గుర్రాలెక్కి వెళ్ళిపోతుంటారు. కెమెరా జీను సంచుల మీదికి వెళ్తుంది. ఎవరో దాచుకున్న బంగారం ముక్కలు నిండుగా ఉంటాయి, స్వారీ చేసేవాడికి ఆ సంగతే తెలీదు. అన్ని చావుల తర్వాత, బంగారం వద్దన్న ఒకే ఒక్క చట్టబద్ధమైన మనిషి బంగారంతో వెళ్ళిపోయాడు. దాన్ని తిరిగి ఎవరికివ్వాలి అని ఆ సినిమా అడగదు. హాల్లో లైట్లు వెలిగేవి, మనమూ అడగకుండానే లేచి వచ్చేసేవాళ్ళం. ఇప్పుడు ఇంట్లో కూర్చుని చూస్తున్నాం కదా, అడగడానికి తీరికుంది. అడిగి, ఆ తర్వాత చుక్కలివ్వండి.